మొదటి పంక్తి రాయడం నేర్పండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థల సంచాలకుల గార్లకు; తెలుగు, ఆంగ్ల పాఠ్యపుస్తకాలు తయారుచేసే రచయితలకు, సంపాదకులకు

నమస్కారం.

నేను పుట్టి పెరిగింది ఖమ్మం జిల్లాలో. మెట్టినిల్లు ఏలూరు. రెండు చోట్లా కలిపి 26 ఏళ్లుగా డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. అందుకే రెండు రాష్ట్రాల వారికీ కలిపి ఒకే ఉత్తరం రాసే చొరవ తీసుకుంటున్నాను.

కిందటి జూన్‌లో బీకాం ముగించిన ఒక అమ్మాయి మా స్టాఫ్ రూముకు వచ్చింది. ఉద్యోగానికి ఎంపిక చేసుకున్న సంస్థ ఎప్పుడు చేరాలో చెప్పలేదు. ఆ సంగతి అడుగుతూ ఈమెయిల్ పంపాలి. అడగవలసిన విషయం నాలుగు వాక్యాలు. నా ఎదురుగా కూర్చుని ఐదు నిమిషాల్లో రాసేసింది. వెతికినా తప్పు లేదు. ఆగిపోయింది పై పంక్తి దగ్గర. 'రెస్పెక్టెడ్ సర్' అని కొట్టి, అవతల ఉన్నది ఆడమనిషి అని గుర్తొచ్చి చెరిపేసింది. 'రెస్పెక్టెడ్ మేడం' అని పెట్టి, కంపెనీల్లో అలా రాస్తే నవ్వుతారని ఎవరో చెప్పారంటూ అదీ తీసేసింది. 'డియర్' అని కొట్టగానే సిగ్గుపడింది. 'హాయ్' అనడానికి చెయ్యి రాలేదు. అరగంట గడిచాక తలెత్తి, "మేడం, ఆవిడను ఏమని పిలవాలి?" అని అడిగింది.

పదిహేనేళ్లు చదువుకున్న పిల్ల. దాదాపు ప్రతి తరగతిలోనూ లేఖారచన చదివింది, పరీక్షలో రాసింది, మార్కులు తెచ్చుకుంది. అయినా ఆ ప్రశ్నకు జవాబు ఆమెకు ఎక్కడా దొరకలేదు. ఇది ఆమె లోపం కాదు. మేమూ మీరూ చెప్పకుండా వదిలేసిన పాఠం.

మన తరగతుల్లో ఉత్తరం అంటే ముందుగా సెలవు చీటీ. తెలుగులో అయితే 'గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయుల వారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా' అని మొదలై, 'ఇట్లు తమ విధేయుడైన విద్యార్థి' దగ్గర ముగుస్తుంది. ఇంగ్లీషులో 'రెస్పెక్టెడ్ సర్'తో మొదలై 'యువర్స్ ఒబీడియంట్లీ'తో ముగుస్తుంది. బడిపిల్లవాడు పెద్దసారుకు రాసుకోవడానికి అది సరిపోయిందేమో. కానీ ఐదో తరగతిలో కంఠతా పట్టిన ఆ మూస, డిగ్రీ దాటినా వాళ్లను వదలదు. బ్యాంకుకూ అదే, అమెరికా ప్రొఫెసరుకూ అదే, తమకంటే రెండేళ్లు పెద్దదైన హెచ్.ఆర్. ఉద్యోగినికీ అదే. మిత్రుడికి లేఖ, తండ్రికి లేఖ అనే పాఠాలూ ఉన్నాయి గానీ, ఈ కాలపు పిల్ల తండ్రికి ఉత్తరం రాయదు, ఫోన్ చేస్తుంది. బతుకులో నిజంగా రాయబోయేది ఈమెయిలే. దాని మొదటి పంక్తి గురించి మాత్రం మనం నోరు విప్పలేదు.

సర్కారు దఫ్తరాలకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. కేంద్ర సచివాలయ కార్యాలయ విధానాల మాన్యువల్ చూడండి. మామూలు అధికారిక లేఖ 'సర్' అనో 'మేడం' అనో మొదలై 'యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ'తో ముగియాలి. ఆఫీస్ మెమొరాండం అయితే ప్రథమ పురుషలో నడుస్తుంది, పైన సంబోధన ఉండదు, కింద విధేయతా ఉండదు. డి.ఓ. లెటర్ అని ఇంకొకటి ఉంది. అధికారి తన సాటివాడికి పేరు పెట్టి 'డియర్ శ్రీ ఫలానా' అని రాస్తాడు, 'యువర్స్ సిన్సియర్లీ' అని ముగిస్తాడు. రాసే మనిషి ఒకడే, బల్ల ఒకటే, రోజూ ఒకటే. అవతలి మనిషితో ఉన్న పని మారినప్పుడు పై పంక్తి మారుతుంది. డి.ఓ. వచ్చిందంటే అధికారి కంగారుపడి ఫైలు తెప్పించుకోవడం దఫ్తరాలు తెలిసినవారందరికీ అనుభవమే, ఎందుకంటే అందులో తన పేరు ఉంటుంది. గుమాస్తాలు మొదటి ఏడాదిలో నేర్చుకునే ఈ తేడాను మన పిల్లలకు పదిహేనేళ్లలో చెప్పలేమా?

ఇక ఆ అమ్మాయి 'డియర్' దగ్గర ఎందుకు సిగ్గుపడిందో చెప్పాలి. ఏటా నా తరగతిలో సగంమంది అక్కడే ఆగుతారు. ఇంగ్లీషు ఉత్తరంలో 'డియర్' వట్టి మర్యాద. బాకీ కట్టమని లాయరు పంపే నోటీసు పైన కూడా 'డియర్ సర్' ఉంటుంది. కానీ మన నోట్లో ఆ మాటకు ఇంకో బతుకు ఉంది. తెలుగు సినిమాలో, మాటల్లో, 'డియర్' అంటే ప్రేయసి, ప్రియుడు, మరీ ముద్దొచ్చినవారు. కాలేజీ కుర్రవాడికి లెక్చరర్ మేడంను 'డియర్' అనడం తప్పుగా తోస్తుంది. ఆ భయం తెలుగు మర్యాదలోంచి పుట్టింది, దాన్ని తప్పుపట్టను. అందుకే దాన్ని దాటడానికి 'రెస్పెక్టెడ్' అనే మాటను పట్టుకుంటారు. గౌరవనీయులైన అన్న మాటకు అది అచ్చు నకలు. ఇంగ్లీషువారి ఉత్తరాల్లో ఆ స్థానంలో ఆ మాట లేదు. మన దేశంలో చెల్లుతుంది, దేశం దాటితే చదివేవారికి వింతగా ఉంటుంది. ఈ రెండు సంగతులూ ఒక పేజీలో చెబితే పిల్లలకు బెరుకు పోతుంది. నేను చెప్పి చూశాను, పోయింది.

ఇదే పొరపాటు తిరగబడి తెలుగులోకి వచ్చింది. బ్యాంకుల నుంచి, ఫోన్ కంపెనీల నుంచి 'ప్రియమైన కస్టమర్' అని మెయిళ్లు వస్తున్నాయి. మనం ముక్కూ ముఖం తెలియనివారిని ఎన్నడూ ప్రియమైనవారు అనలేదు. ప్రియమిత్రుడికి రాసుకున్నాం, అంతే. 'డియర్'ను అక్షరాలా దించి మన నెత్తిన పెట్టారు. మన పాఠ్యపుస్తకం మంచి నమూనా చూపించి ఉంటే, ఆ అనువాదం చేసిన తెలుగు పిల్లవాడో పిల్లో 'వినియోగదారులకు నమస్కారం' అని రాసేవారు.

మా నాన్న ఊళ్లో బ్రాంచి పోస్టుమాస్టరు. చదువురాని వాళ్లకు ఉత్తరాలు రాసిపెట్టేవాడు, వచ్చినవి చదివి వినిపించేవాడు. అరుగు మీద కూర్చుని విన్న ఆ మొదటి పంక్తులు నాకింకా గుర్తున్నాయి. తండ్రికైతే 'పూజ్యులైన నాన్నగారికి నమస్కరించి', కొడుక్కైతే 'చిరంజీవి ఫలానాను ఆశీర్వదించి', పెద్దమనిషికైతే 'మహారాజశ్రీ ఫలానా వారి దివ్య సముఖమునకు'. తర్వాత 'ఉభయకుశలోపరి' అనో, 'ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను' అనో. వరసను బట్టి పిలుపు, పిలుపును బట్టి మాట తీరు. పెద్దగా చదువుకోనివాడు కూడా నాన్నతో "పెదబావకు రాయాలి" అంటే చాలు, పై పంక్తి ఏమిటో ఇద్దరికీ తెలిసిపోయేది. అంత పట్టు ఉన్న జాతి పిల్లలు ఇవాళ ఖాళీ తెర ముందు అరగంట కూర్చుంటున్నారు.

ఆ పాత పంక్తులన్నీ మంచివని చెప్పను. మా మేనత్తకు వచ్చే కార్డుల పైన 'చి. ల. సౌ.' అని, అంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అని ఉండేది. మామయ్య పోయిన నెలకే వచ్చిన కార్డు మీద అది పోయి 'గం. భా. స.' వచ్చింది. గంగా భాగీరథీ సమానురాలు అని దాని విస్తరణ, భర్త పోయిన ఆడవారికి రాసేది. మూత లేని కార్డు, పోస్టాఫీసులో చూసిన ప్రతివాడికీ ఆమె బతుకులో ఏం జరిగిందో తెలుస్తుంది. రాసినవారు దగ్గర బంధువులే, చెడు తలపు లేదు, ఆచారం అలా ఉంది కాబట్టి రాశారు. అత్తయ్య ఆ కార్డు లోపలి సంగతి వినకుండానే లేచి వెళ్లిపోయింది. నాకప్పుడు పదకొండేళ్లు. పిలుపు మనిషిని ఎంత గాయపరచగలదో ఆ రోజు తెలిసింది.

కులం కూడా ఆ పంక్తిలోనే కూర్చునేది. ఒకరికి 'బ్రహ్మశ్రీ', ఒకరికి 'మహారాజశ్రీ', మరి కొందరికి వట్టి పేరు, అదీ కురచ చేసి. మా ఊళ్లో పాలేరుగా పనిచేసే ఒక పెద్దాయన కొడుకు సైన్యంలో చేరాడు. అక్కడి నుంచి మొదటి ఉత్తరం వచ్చినప్పుడు కవరు మీద తండ్రి పేరు తర్వాత 'గారికి' అని రాశాడు. నాన్న చిరునామా పైకి చదివాడు. ఆయన మళ్లీ చదవమన్నాడు. ఊళ్లో ఎవరూ ఆయన పేరుకు 'గారు' అనే రెండక్షరాలు చేర్చి పిలిచి ఎరగరు. ఆ తర్వాత నాన్న తన చేత్తో రాసే ఏ చిరునామాకైనా, ఎవరిదైనా, 'గారికి' తప్పకుండా రాసేవాడు.

అందుకే నాకు 'గారు' మీద అంత మమకారం. ఈ ఉత్తరంలో నేను మిమ్మల్ని కోరబోయేదంతా ఆ మాట చుట్టూనే ఉంది.

ఇంగ్లీషువాడికి ఆడదో మగవాడో తెలియకుండా పేరుకు ముందు మర్యాద మాట పెట్టడం కష్టం. ఆడవారైతే ఒకప్పుడు పెళ్లయిందో లేదో కూడా తెలియాల్సి వచ్చేది. ఆ ఇబ్బంది తప్పించడానికి 'మిజ్' అనే మాటను 1901లోనే అమెరికాలో ఒక పత్రిక సూచించింది. అది జనంలోకి రావడానికి డెబ్బై ఏళ్లు పట్టింది. ఆ పేరుతోనే స్త్రీల పత్రిక 1972లో మొదలైంది. న్యూయార్క్ టైమ్స్ తన పుటల్లోకి ఆ మాటను అనుమతించింది 1986లో. వాళ్లు అంత పోరాడి తెచ్చుకున్నది మన ఇంట్లో ఎప్పటి నుంచో ఉంది. గారు అంటే ఆడ కాదు, మగ కాదు. పెళ్లి అడగదు, వయసు అడగదు, చదువు అడగదు. పేరుకు తగులుతుంది, ఇంటిపేరుకూ తగులుతుంది, కలెక్టర్ గారు, తహసీల్దార్ గారు, డాక్టర్ గారు అని పదవికీ తగులుతుంది, అమ్మగారు, అత్తగారు అని వరసకూ తగులుతుంది. కిరణ్, సత్య, మణి, శశి లాంటి పేర్లు చూసి మనిషి ఎవరో తెలియనప్పుడు 'మిస్టర్' కొట్టాలా 'మిజ్' కొట్టాలా అని తడబడే పనే లేదు.

ఇంగ్లీషులో 'గారు' చెల్లదేమో అనేవారికి ఒక సంగతి చెబుతాను. మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు ఇంగ్లీషు సర్కారు కాగితాల్లో మనవారి పేర్లకు ముందు 'మహారాజ రాజశ్రీ' అన్న మాటను పొట్టి చేసి ఇంగ్లీషు అక్షరాల్లో వేసేవారు. పేరు తర్వాత తమిళులకు 'అవర్గళ్' అని, తెలుగువారికి 'గారు' అని అచ్చువేసేవారు. తెల్లదొరల గుమాస్తాలు ఇంగ్లీషు వాక్యంలో రాసిన మాటను మన పిల్లలు రాయడానికి జంకనక్కర్లేదు. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు ఎందరో ఇప్పటికీ తమలో తాము ఇంగ్లీషులో మెయిల్ రాసుకునేటప్పుడు, 'రమేష్ గారు, నమస్తే' అనే మొదలుపెడతారు. మా పూర్వ విద్యార్థుల నుంచి నాకు వచ్చే మెయిళ్లలో సగం అలాగే ఉంటాయి.

తెలుగులో రాసేటప్పుడు మాత్రం ఒక చిన్న మెలకువ ఉంది, దాన్ని ఏ పుస్తకంలోనూ పాఠంగా చూడలేదు. 'లక్ష్మి గారూ' అని దీర్ఘం తీస్తే మనిషిని ఎదురుగా పెట్టుకుని పిలిచినట్టు. 'లక్ష్మి గారికి' అంటే ఉత్తరాన్ని ఆమె చేతికి అందించినట్టు. మొదటిది పరిచయస్తులకు, రోజూ పనిలో మాట్లాడేవారికి. రెండోది పరిచయం లేనివారికి, పదవిలో ఉన్నవారికి, దాఖలాలో ఉండాల్సిన కాగితానికి. ఇంగ్లీషు ఉత్తరం ఎప్పుడూ పిలుపుతోనే మొదలవుతుంది. మన పాత ఉత్తరమేమో 'గారికి నమస్కరించి వ్రాయునది' అంటూ ఒకే వాక్యంగా సాగేది. మనకు రెండు తలుపులూ ఉన్నాయి. ఏది ఎప్పుడు తెరవాలో తొమ్మిదో తరగతి పిల్లవాడికి పది నిమిషాల్లో చెప్పవచ్చు. చెప్పాక మరొకటి కూడా చెప్పాలి. పైన 'గారు' అంటే కింద చివరిదాకా 'మీరు' ఉండాలి. పైన గారు అని, నాలుగో వాక్యంలో 'చెప్పు' అనేసే మెయిళ్లు నాకు వస్తుంటాయి. 'తమరు' మాత్రం ఇక అక్కర్లేదు.

గారు తర్వాత ఏం రాయాలి? నమస్కారం చాలు, నమస్తే చాలు. మా పుట్టింటి వైపు నమస్తే ఎక్కువ, మెట్టినింటి వైపు నమస్కారం ఎక్కువ, 'నమస్తే అండీ' అంటే రెండు చోట్లా సంతోషిస్తారు. క్రైస్తవ మిత్రులు వందనాలు అంటారు, ముస్లిం మిత్రులు ఆదాబ్ అంటారు, అంబేద్కర్ బాటలో నడిచేవారు జై భీమ్ అంటారు. తమవారికి రాసుకునేటప్పుడు అవన్నీ ఎంతో సొంపైనవి. ముక్కుమొహం తెలియని దఫ్తరుకు రాసేటప్పుడు నమస్కారం అందరికీ సరిపోతుంది. 'శుభోదయం' మాత్రం మానమనండి. అది 'గుడ్ మార్నింగ్'కు చేసిన అనువాదం, మన పెద్దలు పొద్దున్నే ఎదురుపడి అనుకున్న మాట కాదు. పైగా మెయిల్ ఎప్పుడు చదువుతారో పంపినవారికి తెలియదు. హైదరాబాద్‌లో వేసవి ఉదయం 10 గంటలకు పంపిన 'గుడ్ మార్నింగ్' డాలస్‌లో ముందు రోజు రాత్రి పదకొండున్నరకు చేరుతుంది. నమస్కారానికి పగలూ రాత్రీ లేవు.

పేర్ల సంగతి ఇంకా చిక్కు. మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు వెనక. పిలిచేది పెట్టిన పేరుతోనే. పాములపర్తి వెంకట నరసింహారావు గారిని దేశమంతా నరసింహారావు గారు అంది, 'మిస్టర్ పాములపర్తి' అంటే ఆయన వెనక్కి తిరిగి చూసేవారు కాదేమో. ఇంగ్లీషు పద్ధతిలో 'మిస్టర్' పక్కన ఇంటిపేరే ఉండాలి. సత్య నాదెళ్లను 'మిస్టర్ నాదెళ్ల' అంటారు, అక్కడ అదే మర్యాద. మన పిల్లవాడు పుస్తకంలో 'డియర్ మిస్టర్ స్మిత్' అని చదివి, జాన్ స్మిత్‌కు 'డియర్ మిస్టర్ జాన్' అని రాస్తాడు, ఎందుకంటే అతని లెక్కలో మనిషిని పేరుతో పిలవాలి, ఇంటిపేరుతో పిలవడం అమర్యాద. ఆలోచన సరైనదే, నేల వేరు. అక్కడి నుంచి జవాబు 'డియర్ మిస్టర్ వెంకట' అని వస్తుంది, లేదా వట్టి ఇంటిపేరుతో వస్తుంది, పిల్లవాడు నొచ్చుకుంటాడు. ఇద్దరిలో ఎవరూ అవమానించలేదు. ఈ రెండు పద్ధతుల గురించి మన పుస్తకంలో ఒక పేరా ఉంటే ఇద్దరికీ కష్టం ఉండేది కాదు.

నా దగ్గర చదివిన ఒక అబ్బాయి పై చదువుల కోసం అమెరికాలో ఒక ప్రొఫెసరుకు 'రెస్పెక్టెడ్ సర్' అని రాశాడు. ఆ ప్రొఫెసరు స్త్రీ. మామూలుగానే జవాబిచ్చింది, తన పరిశోధన గురించి రెండు ప్రశ్నలు కూడా అడిగింది. సంతకంలో పేరు చూసి అతనికి తల కొట్టేసినట్టయింది, మళ్లీ రాయలేదు. మూడు నెలల తర్వాత నాతో చెప్పాడు. ఆమె పేజీ తెరిచి చూసి 'డియర్ ప్రొఫెసర్' పక్కన ఇంటిపేరు రాసి ఉంటే చాలు, ప్రొఫెసర్ అన్న మాటకు ఆడా మగా లేదు. పొరపాటు జరిగాక కూడా దిద్దుకోవచ్చు, తర్వాతి మెయిల్‌లో సరిగా రాసి విషయంలోకి వెళ్లిపోవచ్చు. ఆ ధైర్యం కూడా ఎవరో నేర్పాలి. పేరు తెలియనప్పుడు పదవిని పిలవవచ్చు, 'డియర్ హైరింగ్ మేనేజర్' అనో, 'డియర్ అడ్మిషన్స్ కమిటీ' అనో. 'టు హూమ్ సో ఎవర్ ఇట్ మే కన్సర్న్' ధ్రువపత్రాలకు ఉంచాలి. అవతలివారు జవాబు కింద ఏ పేరుతో సంతకం చేశారో చూసి రెండోసారి అదే పేరు వాడవచ్చు, ప్రొఫెసర్లు మాత్రం తామై చెప్పేదాకా ప్రొఫెసర్లే.

గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే మరో అబ్బాయి కష్టం దీనికి తలకిందులు. అతని మేనేజరు వాళ్ల నాన్న వయసువాడు. చేరిన రోజే 'నన్ను పేరు పెట్టి పిలవండి' అన్నాడు. నరసరావుపేట నుంచి వచ్చిన పిల్లవాడికి 'హాయ్ సురేష్' అని రాయడానికి చేతులు రాలేదు. 'హాయ్ సర్' అంటే ఆయన వద్దన్నాడు. రెండు వారాలు అసలు పిలుపే లేకుండా మెయిళ్లు పంపాడు, చదివినవారికి విసురుగా ఉన్నాయి. మనవాళ్లకు ఇది పాత అలవాటే. నువ్వనాలో మీరనాలో తేలనప్పుడు 'భోజనం అయిందా?', 'ఎప్పుడు రావడం?' అని మనిషిని ఎత్తకుండా మాట్లాడతాం. నోటిమాటలో చిరునవ్వు ఆ లోటు పూడుస్తుంది, మెయిల్‌లో పూడ్చేది ఏదీ లేదు. 'హలో సురేష్ గారు' అని రాయమన్నాను. మేనేజరు తెలుగువాడు, ఇద్దరి ప్రాణాలూ కుదుటపడ్డాయి. ఆ బృందంలోకి పుణె నుంచో బెంగళూరు నుంచో మరొకరు చేరితే 'హాయ్ సురేష్' అనే రాయాలి, అక్కడ అది చనువు కాదు, ఆ ఇంటి ఆచారం. మాటామాటా సాగుతున్నప్పుడు మూడో జవాబు నుంచి పిలుపు లేకపోయినా తప్పు లేదు. మర్నాడు కొత్త విషయం ఎత్తితే మళ్లీ ఉండాలి. పదిమందికి కలిపి అయితే 'అందరికీ నమస్కారం'.

యంత్రానికి ఈ పంక్తి అక్కర్లేదు. 1971లో రే టామ్లిన్సన్ ఒక కంప్యూటరు నుంచి మరో కంప్యూటరుకు మొదటి మెయిల్ పంపినప్పుడే, ఎవరికి చేరాలో చిరునామాలో ఉంది, మనిషి పేరుకూ యంత్రం పేరుకూ మధ్య ఆయన ఎంచుకున్న గుర్తునే ఇవాళ్టికీ వాడుతున్నాం. పిలుపు ఉన్నది చదివే మనిషి కోసం. ఫోన్ తెర మీద పంపినవారి పేరు, విషయం, ఆ పక్కన లోపలి తొలి మాటలు కొన్ని కనిపిస్తాయి. కలెక్టరేట్ బయట అర్జీలు రాసేవారి పద్ధతిలో 'గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారి దివ్య సముఖమునకు నమస్కరించి' అని మొదలుపెడితే ఆ జాగా అంతా దానికే సరిపోతుంది, కష్టం లోపలే ఉండిపోతుంది. 'కలెక్టర్ గారికి నమస్కారం. మా ఊరి మంచినీటి పైపు పగిలి పది రోజులైంది' అంటే గౌరవం తగ్గలేదు, నీళ్ల సంగతీ తెలిసింది.

పిలుపులు మార్చుకోవడం మనకు కొత్తేమీ కాదు. 'మై లార్డ్' అనక్కర్లేదని, ఉన్నత న్యాయస్థానాల్లో 'యువర్ ఆనర్' అంటే చాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2006లో తీర్మానించింది. రాష్ట్రపతి పేరుకు ముందు 'హిజ్ ఎక్సలెన్సీ' వద్దని 2012లో ప్రణబ్ ముఖర్జీ గారి కాలంలో నిర్ణయమైంది. 2021లో పాలక్కాడ్ జిల్లాలోని మాత్తూరు గ్రామ పంచాయతీ తన కార్యాలయానికి వచ్చేవారు 'సర్', 'మేడం' అనక్కర్లేదంది. కేరళ బాలల హక్కుల కమిషన్ 2023లో బడుల్లో ఆడా మగా తేడా లేకుండా 'టీచర్' అని పిలవమంది. పల్లె పంచాయతీకి ఉన్న చొరవ రెండు రాష్ట్రాల విద్యాసంస్థలకు లేకపోదు.

నేను అడిగేది కొత్త పుస్తకం కాదు. ఎనిమిది నుంచి పది వరకు ఏదో ఒక తరగతిలో, తెలుగు పుస్తకంలో రెండు పేజీలు, ఇంగ్లీషు పుస్తకంలో రెండు పేజీలు చాలు. తెలుగు పేజీల్లో గారూ, గారికి, నమస్కారం, మీరు. 'చి. ల. సౌ.', 'గం. భా. స.' ఒకప్పుడు ఉండేవని, ఎందుకు వదిలేశామో కూడా చెప్పండి. ఇంగ్లీషు పేజీల్లో 'డియర్' మర్యాద మాటే అని, ఇంటిపేరు ఎక్కడ పెట్టాలో, పేరు తెలియకపోతే ఏం చేయాలో, 'హాయ్' ఎవరికి సరిపోతుందో రాయండి. పరీక్షలో 'సెలవు కోరుతూ లేఖ రాయండి' అనే బదులు ఒకే విషయాన్ని ముగ్గురికి, అక్కకు, హెడ్మాస్టరుకు, ఎప్పుడూ చూడని అధికారికి, మొదటి పంక్తి మార్చి రాయమని అడగండి. మీ కార్యాలయం నుంచి బడులకు వెళ్లే మెయిళ్లలోనూ ఆ పద్ధతి పాటించండి. ఊరి బడి ఉపాధ్యాయురాలికి తన పేరుతో, 'గారు'తో మెయిల్ వస్తే, ఆమె పిల్లలకు అలాగే నేర్పుతుంది.

నా దగ్గరకు వచ్చిన ఆ అమ్మాయి చివరికి 'డియర్ మిజ్' అని పెట్టి, అవతలి ఆవిడ ఇంటిపేరు రాసి పంపింది. మర్నాడే జవాబు వచ్చింది. అందులో ఆమె పేరు స్పష్టంగా, ఒక్క అక్షరం తప్పు లేకుండా ఉంది. ఫోన్ పట్టుకుని పరుగున వచ్చి ముందు నాకు చూపించింది ఆ పంక్తే, చేరవలసిన తేదీ కాదు. వచ్చే విద్యా సంవత్సరపు పుస్తకాలు అచ్చుకు వెళ్లేలోగా ఈ నాలుగు పేజీల గురించి మీలో మీరు కూర్చుని మాట్లాడండి. నమూనాలు రాసి పంపమంటే పంపుతాను.

నమస్కారాలతో,
ఏలూరు నుంచి ఒక ఆంగ్ల అధ్యాపకురాలు